కుర్చీలో తలగుడ్డ, అరుగు మీద అధ్యక్షుడు

1944 ఫిబ్రవరి, మొదటి శనివారం. ఆళ్లగడ్డకు దగ్గరలో ఒక ఊరి చావడి. హాజరైనవారు: గ్రామ బెంచి కోర్టు సభ్యులు ఇద్దరు, ఒకరు అంగడి నడిపే పెద్దమనిషి, ఇంకొకరు అహోబిలం నుంచి వచ్చి ఆ ఊళ్లో స్థిరపడిన పండితులవారు. కోర్టులో కేకవేసే పని కూడా నెత్తిన పడిన ఊరి తలారి. ప్రతివాది, అంటే బర్రె గలామె. నంద్యాల వకీలుగారి గుమాస్తా, అంటే నేను. అధ్యక్షులవారి తలగుడ్డ, కుర్చీలో. అధ్యక్షులవారు, బయట అరుగు మీద.

ఇంతవరకు ఆనాటి డైరీలో ఉన్నది ఉన్నట్టు ఎత్తి రాశాను. హాజరు పట్టిక రాయకుండా రోజు ముగించే అలవాటు నాకు ఎప్పుడూ లేదు. అయితే ఒక తలగుడ్డను హాజరైనవారిలో చేర్చవలసి రావడం మాత్రం నా జీవితంలో అదొక్కసారే. ఎందుకు చేర్చానో చెప్పాలంటే నంద్యాల నుంచి మొదలుపెట్టాలి.

అప్పట్లో నేను నంద్యాలలో ఒక వకీలుగారి దగ్గర గుమాస్తాను. ఆయనకు కోర్టులో కంటే బడిలో ఎక్కువ పేరు. వారానికొకసారి హైస్కూలుకు వెళ్లి పెద్ద తరగతి పిల్లలకు న్యాయసూత్రాలు చెప్పేవారు. చట్టం అంటే ఏమిటి, కోర్టు ఎందుకు ఉంది, మునసబు ఏం చేస్తాడు, మేజిస్ట్రేటు ఏం చేస్తాడు, నేరం మోపినవాడు ఏం చూపించాలి, ఇవన్నీ. ఆయన చెప్పేవి నేను ముందే శుభ్రంగా కాగితాల మీద రాసి ఇవ్వాలి. ఆయన వాటిని ముందుగా ఒకసారైనా చూసుకోకుండా తరగతిలో చదివేవారు. ఒకనాడు రెండు పక్షాల మాట వినకుండా తీర్పు చెప్పకూడదన్న సూత్రాన్ని గంట వాయించినట్టు చెబుతుంటే వెనక బల్లలో ఒక విద్యార్థి లేచి ఏదో అడగబోయాడు. "కూర్చో, నేను చెబుతున్నాను కదా," అని వకీలుగారు ఆ సూత్రాన్నే మళ్లీ మొదటినుంచి చెప్పారు.

ఈ పేరు విని ఒక అధికారి వకీలుగారిని ఒక సాయం అడిగారు. ఆళ్లగడ్డ వైపు ఒక ఊళ్లో గ్రామ బెంచి కోర్టు కొత్తగా ఏర్పడింది. సభ్యులు పెద్దమనుషులే కాని చట్టం అంటే ఏమిటో తెలియదు. పిల్లలకు చెప్పే పాఠాలే వాళ్లకూ చెప్పాలి. వకీలుగారు వెంటనే ఒప్పుకున్నారు. ఒప్పుకుని నన్ను పంపారు. యుద్ధం రోజులు కాబట్టి బస్సులన్నీ బొగ్గు మీద నడుస్తున్నాయి, తన కోటు పాడవుతుందన్నది ఆయన చెప్పిన కారణం. కోటు నల్లది. బొగ్గు కూడా నల్లదే. ఆ సంగతి గుర్తుచేసే హోదా గుమాస్తాకు లేదు.

బస్సు ఎత్తు వచ్చిన ప్రతిచోటా ఆగింది. మేము దిగి తోశాం. ఆళ్లగడ్డలో దిగేసరికి నేను వకీలుగారి కోటు రంగులో ఉన్నాను. అక్కడ నన్ను ఎక్కించుకుపోవడానికి బెంచి కోర్టు అధ్యక్షులవారి ఎద్దులబండి సిద్ధంగా ఉంది.

అధ్యక్షులు ఊళ్లో పెద్ద రైతు. తాతల నాటినుంచి ఆ ఊరి తగవులు ఆ ఇంటి అరుగు మీదే తీరేవి. సర్కారు బెంచి కోర్టు పెట్టి ఆయననే అధ్యక్షుడిని చేయడంతో, ఆయన దృష్టిలో, సర్కారు ఆలస్యంగానైనా దారికి వచ్చింది. చావడిలో వేయడానికి నంద్యాల నుంచి చేతుల కుర్చీ ఒకటి తెప్పించారు. మిగతా ఇద్దరు సభ్యులకు బల్ల. నాకు బస ఆయన ఇంట్లోనే. జొన్న సంగటి, దాని నడుమ గుంట చేసి పోసిన నెయ్యి, పక్కన గోంగూర పులుసు. అంత నెయ్యి పోసినవాడికి న్యాయసూత్రాలు చెప్పడం ఎంత కష్టమో తిన్నవాడికే తెలుస్తుంది.

అయితే ఒక మాట ఒప్పుకోవాలి. నా ముగ్గురు శిష్యుల్లో బుద్ధిగా విన్నది ఆయనే. పాఠం మొదలుకాకముందే వచ్చి కూర్చునేవారు. ఏది చెప్పినా తల ఊపి, "ఇది మా తాత చెప్పిందే," అనేవారు.

"నేరం మోపినవాడే దాన్ని రుజువు చేయాలి," అన్నాను మొదటిరోజు.

"అంటే ఏందప్పా? నేను ఒకణ్ణి దొంగంటే వాడు దొంగ కాడా?"

"దొంగ అని మీరు చూపించాలండి."

"నేను చెప్తాండా గదా. నేను చెప్పేదే చూపించేది."

పండితులవారు అందుకుని, కొండ మీద పొగ కనిపిస్తే అక్కడ నిప్పు ఉన్నట్టు ఎట్లా తెలుస్తుందో చెప్పడం మొదలుపెట్టారు. ఆయన తర్కం చదువుకున్నవారు. పొగ నుంచి నిప్పు దాకా రావడానికి మధ్యాహ్నం దాటింది. అంగడి పెద్దమనిషి ఏ మాటకూ ముందు అవుననడు, ముందు కాదనడు. మిగతా ఇద్దరూ ఒకటే మాట అన్నాక, "నేనూ అదే అనుకుంటాండా," అనేవాడు. చట్టం చదవకుండానే ఆయనకు సగం న్యాయమూర్తి లక్షణాలు ఉన్నాయని నాకు అనిపించింది.

అందరికంటే తలారికి నచ్చిన పాఠం పిలుపు. కేసు మొదలవగానే ముందు వాదిని పిలవాలి. గడపలో నిలబడి మూడుసార్లు కేకవేయాలి. మూడు పిలుపులకూ రాని వాదికి కేసు లేదు, కొట్టేస్తారు. ప్రతివాది రాకపోతే వాది మాట ఒక్కటే విని తీర్పు ఇస్తారు. తలారి ఆ సాయంత్రమంతా చావడి గడపలో నిలబడి సాధన చేశాడు. పిలవడానికి మనుషులు చాలక దావన పోయే మేకలను, పెంటమీది కోళ్లను కూడా వాదులుగా పిలిచాడు. ఒక కోడి మూడో పిలుపుకు వచ్చింది కూడా.

చివర్లో చెప్పిన సూత్రం, తన కేసులో తానే తీర్పరిగా కూర్చోకూడదు అన్నది. అది వినగానే ఎప్పుడూ తల ఊపే అధ్యక్షులు ఊపలేదు. తాత ఆ మాట చెప్పినట్టు లేదు. చాలాసేపు మీసం సర్దుకున్నారు.

"ఇది యాడికి పోయినా ఇంతేనా?"

"ఎక్కడైనా ఇంతేనండి. పెద్ద కోర్టులో దొరలకైనా ఇదే."

"దొరలకు గూడానా? అయితే మంచిదే. రేపు నాదే ఒక కేసు ఉండాది. నేనే చేసి చూపిస్తా."

ఆ కేసు ఏమిటో ఆ రోజు సాయంత్రమే నాకు తెలిసింది. ఊరి చివర ఒకామె ఉంది. మొగుడు పోయి, ఉన్న ఒక్క బర్రెతో బతుకుతోంది. ఆ ఊళ్లో అంత పాలిచ్చే బర్రె లేదు. అధ్యక్షులు దాన్ని తనకు అమ్మమని రెండుసార్లు అడిగించారు, ఆమె రెండుసార్లూ అమ్మనంది. తర్వాత ఒకనాడు అది తన జొన్నచేలో పడి మేసిందని అధ్యక్షుల మనుషులు తోలుకుపోయి బందెలదొడ్డిలో పెట్టారు. దండుగ కడితే విడిపించుకోవచ్చు. గడువు దాటితే వేలం. ఆదివారం పొద్దున వేలమని అప్పటికే తప్పెట కొట్టారు.

నేను ఆ దావన నడుస్తుంటే ఆమె గుడిసె ముందు కూర్చుని దూడకు వెదురుగొట్టంతో గంజి పోస్తోంది. దూడ తాగడం లేదు. గంజి దాని మూతినుంచి నేలమీదికి కారుతోంది. దూడ పక్కటెముకలు బయటికి కనపడుతున్నాయి.

"నువ్వేనా చట్టం చెప్పేదానికి వచ్చినోడివి?"

"నేనేనమ్మా."

"దూడను బందెలదొడ్డి కాడికి తీసుకపోయి పాలు తాపుతానంటే, లోపలికి వస్తే దూడ గూడా బందెలో పడినట్లే అంటాండారు. అది చట్టంలో ఉండాదా?"

నాకు తెలిసినంతవరకు లేదు, కాని లేదని చెప్పే ధైర్యం రాలేదు. "దండుగ కట్టి విడిపించుకోవచ్చు కదా," అన్నాను.

"కడితే మేసినట్లు ఒప్పుకున్నట్లే గదా. అది మేయలే. ఈనిన ఎనుము దూడను ఇడిసిపెట్టి అంత దూరం యాడికి పోతాది? ఈపొద్దు ఒప్పుకుంటే రేపు ఇంగోసారి తోలుకపోతాడు." గొట్టం పక్కన పెట్టింది. "నా మీద చెప్పేది ఆయనే. కుర్చీలో కూర్చునేదీ ఆయనే. ఇంగ నేనెవరికి చెప్పుకోవాల?"

"ఆయన కూర్చోడమ్మా. తన కేసులో తాను కూర్చోకూడదు. కుర్చీ దిగుతాడు."

"దిగుతాడా?"

"దిగాలి. చట్టం."

"చట్టం వచ్చి చెయ్యి పట్టుకుని దించుతాదా?" అని ఆమె మళ్లీ గొట్టం తీసుకుంది.

శనివారం పొద్దున చావడి నిండింది. అధ్యక్షులు వచ్చి కుర్చీలో కూర్చున్నారు. ఎర్ర అంచు తలగుడ్డ, దాని చుట్టు చూస్తేనే తెలుస్తుంది అది రోజూ కట్టేది కాదని. అందరూ లేచి నిలబడ్డారు.

"ఈ కేసులో వాదిని నేను," అన్నారాయన. "చట్టం ఏం చెప్తాదంటే, తన కేసులో తాను తీర్పరి కాకూడదు. దొరలకు గూడా అదే చట్టం. అందుకని నేను దిగుతాండా. అందరూ చూడండి."

దిగారు. చావడిలో గొణుగుడు లేచింది. ఆ ఇంటివాళ్లు తీర్పు కుర్చీ దిగడం ఎవరూ చూడలేదు. నా గుండె పొంగింది. నంద్యాల వెళ్లి వకీలుగారికి ఈ సంగతి ఎట్లా చెప్పాలో మనసులో వాక్యం కూడా కట్టుకున్నాను.

అప్పుడు ఆయన తలగుడ్డ తీశారు. మెల్లగా, చుట్టు చెదరకుండా తీసి కుర్చీ నడుమ పెట్టారు. తర్వాత వట్టి తలతో నడిచి వెళ్లి బయట అరుగు మీద కూర్చున్నారు.

ఆ వైపు ఊళ్ల ఆచారం తెలియనివారికి ఇక్కడ కొంత చెప్పాలి. పంచాయతీ నడుస్తుండగా పెద్దమనిషి ఏ పనిమీదైనా లేచిపోవలసి వస్తే తలగుడ్డ తీసి తన చోట పెట్టి పోతాడు. గుడ్డ ఉందంటే మనిషి ఉన్నట్టే. ఆ చోట ఇంకొకరు కూర్చోరు. గుడ్డకు వెన్ను చూపించి మాట్లాడరు. ఆయన లేకుండా ఏదైనా తేల్చాల్సి వస్తే గుడ్డ వైపు తిరిగి ఒకసారి అడిగి తేలుస్తారు.

నేను బల్ల దగ్గరికి వెళ్లి మెల్లగా అన్నాను. "అయ్యా, దిగడం అంటే పూర్తిగా దిగడం. ఆ తలగుడ్డ అక్కడ ఉండకూడదేమో."

పండితులవారు నన్ను జాలిగా చూశారు. "పాదుకలు రాజ్యం ఏలిన దేశం నాయనా ఇది. తలగుడ్డ ఒక పూట బెంచి నడపలేదా?"

"నేనూ అదే అనుకుంటాండా," అన్నాడు అంగడి పెద్దమనిషి.

అరుగు మీదినుంచి గొంతు వచ్చింది. "ఏందప్పా గుమాస్తా, నేను కుర్చీ దిగినానా లేదా?"

"దిగారండి."

"ఇప్పుడు నేను కోర్టు లోపల ఉండానా, బయట ఉండానా?"

"అరుగు కూడా చావడిదే కదండి."

"అరుగు కోర్టు కాదు. గడప దాటితే బయటే. పండితులవారూ, రాసుకోండి. నేను బయట ఉండా."

పండితులవారు రాసుకున్నారు. నేను వకీలుగారి కాగితాలు తిరగేశాను. వాటిలో న్యాయమూర్తి గురించి చాలా ఉంది. న్యాయమూర్తి తలగుడ్డ గురించి ఒక్క ముక్క లేదు.

సభ్యులిద్దరూ కుర్చీకి నమస్కారం చేసి కూర్చున్నారు. బర్రె గలామె గోడ పక్కనుంచి ముందుకు వచ్చింది.

"ఇంగ నేను ఎవరికి చెప్పుకోవాల?"

"కుర్చీకి చెప్పమ్మే," అన్నాడు తలారి.

"కుర్చీలో గుడ్డ ఉండాది గదన్నా."

"దానికే చెప్పు."

ఆమె కొంగు సర్దుకుని కుర్చీ ముందు నిలబడింది. "అయ్యా గుడ్డా," అంది. "నిన్ను కట్టుకునే మనిషి నా ఎనుమును అమ్మమన్నాడు. నేను అమ్మలే. అందుకని బందెలో పెట్టించినాడు. దూడ గంజి తాగకుండా పడి ఉండాది. ఈ రెండు దినాల్లో పాలు తాపితే బతుకుతాది, లేకుంటే లేదు. రేపు పొద్దున వేలం. నువ్వు ఆయన తలమీదనే ఉంటావు గదా, ఆ తలలో ఏముండాదో నీకు నాకంటే బాగా తెలుసు."

జనం నవ్వారు. అరుగు మీద ఎవరో గొంతు సవరించుకున్నారు. నవ్వు ఆగింది.

"కోర్టులో నవ్వరాదు," అన్నారు పండితులవారు. ఆ తర్వాత ఏదో గుర్తొచ్చి వేలు ఎత్తారు. "ఆగమ్మా. నువ్వు ముందు చెప్పకూడదు. ముందు వాది. గుమాస్తాగారు చెప్పారు కదా, ముందు వాదిని పిలవాలని. క్రమం తప్పితే పూజైనా చెడుతుంది, కోర్టైనా చెడుతుంది. తలారీ, వాదిని పిలువు."

పండితులవారికి అధ్యక్షులవారిని ఇబ్బంది పెట్టాలన్న ఉద్దేశం రవ్వంత కూడా లేదు. అధ్యక్షుల మాట ముందు వినాలనే ఆయన తొందర. దేవుడికి ముందు నైవేద్యం పెట్టాలన్నంత భక్తిగా అన్నారు.

తలారి గడపలో నిలబడ్డాడు. అధ్యక్షులు అక్కడికి చెయ్యి చాపితే అందేంత దూరంలో కూర్చుని ఉన్నారు. అయినా తలారి నేర్చుకున్నది కొండ అవతలివాడికి వినపడే పిలుపు. నోటికి రెండు చేతులూ అడ్డం పెట్టుకుని అదే పిలిచాడు.

"వాది ఉండాడా?"

అధ్యక్షులు ఉలిక్కిపడి లేచారు. గడప వైపు ఒక అడుగు వేశారు. చెయ్యి అలవాటుగా తలమీదికి పోయింది. అక్కడ ఏమీ లేదు. అడుగు ఆగింది.

ఆ వైపు వట్టి తలతో సభలోకి వచ్చేది ఇద్దరే. తండ్రి పోయినవాడు, తప్పు ఒప్పుకుని మన్నించమని అడిగేవాడు. అధ్యక్షుల తండ్రి పోయి చాలా ఏళ్లయింది. రెండోది ఆ వంశంలో ఎవరూ చేసింది కాదు.

ఆయన మళ్లీ కూర్చుని తలారిని దగ్గరికి పిలిచారు. "పోయి నా తలగుడ్డ తీసకరా."

తలారి లోపలికి వచ్చి కుర్చీ మీదికి చెయ్యి చాపాడు.

"ఏం చేస్తాండావు?" అన్నాడు అంగడి పెద్దమనిషి. మొదటిసారి ఆయన అందరికంటే ముందు నోరు తెరవడం చూశాను. "దాన్ని తీస్తే కుర్చీ ఖాళీ అవుతాది. అప్పుడు దాంట్లో ఎవురు కూర్చోవాల? నేనైతే కూర్చోను."

పండితులవారు ఆలోచించారు. "తీస్తే అధ్యక్షులవారు పదవి వదులుకున్నట్టే. ఆ సంగతి మనం పైకి రాసి పంపాలి. ఇంకొకరిని వేస్తారు."

తలారి చేయి వెనక్కి తీసుకుని అరుగు మీదికి పోయాడు. "తీస్తే కుర్చీ పోతాదంటాండారు నాయనా."

పక్కన కూర్చున్న రైతు ఒకతను తన తువ్వాలు తీసి ఇవ్వబోయాడు. అధ్యక్షులు ఆ తువ్వాలును చచ్చిన పామును చూసినట్టు చూశారు. "నా గుడ్డ లోపల కూర్చోనుంటే నీ గుడ్డ నేను కట్టుకునేదా? నేను ఇంగా బతికే ఉండా."

తలారి రెండోసారి పిలిచాడు. ఈసారి చింతచెట్టు మీది కాకులు లేచాయి.

"నేను ఈడనే ఉండా," అన్నారు అధ్యక్షులు. "ఈడినుంచే చెప్తా. రాసుకోండి."

పండితులవారు తాను రాసుకున్న కాగితం చూసుకున్నారు. ఆయన ముఖంలో నిజమైన బాధ కనిపించింది. "అరుగు కోర్టు కాదని అధ్యక్షులవారే సెలవిచ్చారు. ఇక్కడ రాసి ఉంది. బయటివాడు చెప్పింది కోర్టు ఎట్లా వింటుంది? గుమాస్తాగారూ, మీరు చెప్పండి."

"వినకూడదండి," అన్నాను.

మూడో పిలుపుకు ముందు తలారి ఒకసారి నా వైపు చూశాడు, ఒకసారి అరుగు వైపు చూశాడు. అతనికి ఊళ్లో ఇల్లు, ఇంట్లో పిల్లలు ఉన్నారు. కాని నేర్చుకున్న విద్య అతన్ని ఆగనివ్వలేదు. మొదటి రెండింటినీ మించేట్టు పిలిచాడు. దూరాన బందెలదొడ్డి వైపునుంచి ఒక బర్రె అరిచింది. బయటినుంచి ఇంకే సమాధానమూ రాలేదు.

అధ్యక్షులు అరుగు మీద కదలకుండా కూర్చున్నారు. తలగుడ్డ తెప్పించుకుని లోపలికి వస్తే కుర్చీ పోతుంది, రాకుంటే బర్రె పోతుంది. ఆయన కుర్చీనే ఎంచుకున్నారు.

"మూడు పిలుపులకూ వాది రాలేదు," అన్నారు పండితులవారు. "ఇప్పుడేం చేయాలి?"

అందరూ నా వైపు తిరిగారు. ఆ పూట నాకు భోజనం ఎక్కడో, సంగటి మీద నెయ్యి ఎవరు పోస్తారో, ఆళ్లగడ్డ దాకా నన్ను దించే బండి ఎవరిదో అన్నీ ఒకసారి గుర్తొచ్చాయి. కాగితం తీసి ముఖానికి అడ్డం పెట్టుకుని చదివాను. "కేసు కొట్టివేయాలి."

పండితులవారు లేచి కుర్చీకి చేతులు జోడించారు. "అధ్యక్షులకు అభ్యంతరం ఉంటే సెలవివ్వవచ్చు."

చావడి అంతా తలగుడ్డ వైపు చూసింది. ఒక ఈగ వచ్చి దాని ఎర్ర అంచు మీద వాలి, కొంతసేపు నడిచి, ఎగిరిపోయింది.

"ఏమీ అనలే," అన్నాడు అంగడి పెద్దమనిషి.

కేసు కొట్టేశారు. బర్రెను దండుగ లేకుండా ఆమెకు ఇవ్వాలని పండితులవారు చక్కటి అక్షరాలతో రాశారు. సభ్యులిద్దరూ సంతకం చేశారు. ఆమె నిలబడిన చోటినుంచే, "అయితే ఇప్పుడే పోయి తోలుకొచ్చుకుంటా," అంది.

"అధ్యక్షుల సంతకం లేంది బందెలదొడ్డి తలుపు తీయరమ్మే," అన్నాడు తలారి.

అప్పటికి కోర్టు లేచింది కాబట్టి అధ్యక్షులు లోపలికి రావచ్చు. వచ్చారు. ఎవరి వైపూ చూడకుండా తలగుడ్డ తీసి కట్టుకున్నారు. కాగితం చదివారు. మళ్లీ చదివారు. మడిచి తలగుడ్డ మడతలో దోపుకున్నారు.

"పొద్దున చూస్తా."

"పొద్దున వేలం ఉండాది గదన్నా," అంది ఆమె.

"పొద్దున చూస్తానంటాండా గదా," అని ఆయన వెళ్లిపోయారు. ఆమె చావడి మెట్టు మీద కూర్చుండిపోయింది. గెలిచిన కేసు ఆ మనిషి తలమీద ఇంటికి పోతుంటే చూస్తోంది.

ఆ సాయంత్రం సంగటిలో గుంట ఉంది, నెయ్యి లేదు. ఇంటామె నా వైపు చూడకుండా పులుసు పోసి లోపలికి పోయింది. అధ్యక్షులు నా ఎదురుగా వచ్చి కూర్చున్నారు.

"నేను సంతకం చేయకుంటే ఏమవుతాది?" అన్నారు.

"వేలం జరుగుతుందండి. మీ మనుషులు పాడుకుంటారు."

"చేస్తే?"

"వాదిగా మీరు ఓడిపోతారు. అధ్యక్షుడిగా మీ కోర్టు మొదటి తీర్పు ఇచ్చినట్టవుతుంది."

"ఓడినోడూ నేనే, తీర్పు ఇచ్చినోడూ నేనేనా?"

"ఇద్దరూ మీరేనండి. అట్లా కాకూడదనే ఆ సూత్రం పెట్టింది."

"ముందే ఇంత ఇడమరిచి చెప్పింటే బాగుండు," అన్నారాయన. నేను ముందే విడమరిచి చెప్పాను. కాని నెయ్యి లేని సంగటి ముందు కూర్చుని ఆ మాట అనాలనిపించలేదు.

మరునాడు పొద్దున బందెలదొడ్డి దగ్గర జనం చేరారు. బర్రె పేరు విని చాగలమర్రి నుంచి కూడా ఇద్దరు వేలంపాటదారులు వచ్చారు. తలారి తప్పెట మెడలో వేసుకుని నిలబడ్డాడు, ఎవరికోసం కొట్టాలో తెలియక. ఆమె దూడను చేతుల మీద ఎత్తుకుని వచ్చింది. అది నడవలేకపోతోంది. కంచె అవతలినుంచి బర్రె దాన్ని చూసి అరుస్తూ తలుపును కొమ్ములతో నెడుతోంది.

అధ్యక్షులు వచ్చారు. తలగుడ్డ నిన్నటిదే. పాటదారుల్లో ఒకడు నవ్వుతూ అడిగాడు. "ఏం పెద్దాయనా, నిన్న నీ గుడ్డే నిన్ను ఓడించిందంటనే?"

ఆ మాటకు ఆయన ముఖం మారింది. నాకు ఆ క్షణంలో ఆశ పోయింది. ఆయన తలగుడ్డ మడతలోనుంచి కాగితం తీశారు.

"ఓడించిందో గెలిపించిందో నీకెందుకు?" అన్నారు. "నా తలగుడ్డ ముందర ఒక తీర్పు అయింది. దాన్ని ఈపొద్దు నేనే కాదంటే, రేపు ఆ గుడ్డకు ఈ ఊళ్లో ఎవురు లేచి నిలబడతారు? యాడుందప్పా కలం?"

కలం నా దగ్గర ఉంది. కాగితం పెట్టుకోవడానికి చోటు లేకపోతే తలారి తప్పెటను ముందుకు చాపాడు. దానిమీద పెట్టి సంతకం చేశారు. కలం నొక్కిన చోటల్లా తప్పెట చిన్నగా మోగింది.

తలుపు తీశారు. ఆమె దూడను కింద దించింది. బర్రె దాన్ని నాకింది. దూడ ముందు రెండుసార్లు మూతి జారి, తర్వాత పొదుగు పట్టుకుంది. దాని తోక కదలడం మొదలుపెట్టింది.

"ఇంగోసారి నా చేనిదిక్కు వచ్చిందో, చూడు," అన్నారు అధ్యక్షులు.

"వస్తే నీ తలగుడ్డకు చెప్పుకో అన్నా," అంది ఆమె. "నేనూ దానికే చెప్పుకున్నా."

దూడ తాగడం అయ్యాక ఆమె దాన్ని మళ్లీ ఎత్తుకుని ఇంటి దావ పట్టింది. బర్రె వెనకే నడిచింది. ఆ దావ అధ్యక్షుల జొన్నచేను పక్కనుంచే పోతుంది. గట్టు దగ్గరికి రాగానే బర్రె ఆగి, చేను వైపు తల తిప్పింది. ఊరంతా చూస్తోంది. అధ్యక్షులు రెండు చేతులూ ఎత్తి తలగుడ్డను గట్టిగా పట్టుకున్నారు. ముందునుంచి దూడ అరిచింది. బర్రె తల తిప్పుకుని దాని వెనక వెళ్లిపోయింది.